మన్రో దొర ఇంటి పునాది

లింగంపల్లి చుట్టుపక్కల కాపురముంటున్న కుటుంబాల్లో కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల నుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు. వారి ఇళ్లలోని పెద్దలకు మన్రో దొర పేరు బాగా తెలుసు. ఒకప్పుడు ఆ సీమలో ఆయన మీది గౌరవంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో జన్మించారు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసే వర్తకుడు. ఆ రోజుల్లో వర్జీనియా నుండి గ్లాస్గోకు వచ్చే ముఖ్యమైన సరుకు పొగాకు. పొగాకు సాగు ఎంత చాకిరీయో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి వేరే చెప్పనక్కరలేదు. అక్కడ ఆ చాకిరీ చేసింది ఆఫ్రికా నుండి ఓడల్లో బంధించి తెచ్చిన బానిసలు, వారి సంతానం. వారికి కూలి లేదు. తల్లి నుండి బిడ్డను వేరుచేసి అమ్మినా అడిగే చట్టం లేదు. గ్లాస్గో వర్తకుల మేడలు ఆ లాభాలతోనే లేచాయి. థామస్ బాల్యం, చదువు ఆ వ్యాపారం నీడలోనే సాగాయి.

1775లో అమెరికాలో యుద్ధం మొదలై వ్యాపారం తెగిపోయింది. తండ్రి దివాలా తీశారు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదివిన కొడుకు బ్రతుకుతెరువు కోసం కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగారు. జీతంలో మిగిల్చి తల్లిదండ్రులకు పంపేవారు.

1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాక, మన్రో అక్కడ కలెక్టరయ్యారు. గుడారాల్లో ఉంటూ ఊరూరా తిరిగారు. మధ్యవర్తులు లేకుండా రైతుతోనే శిస్తు ఒప్పందం చేసే రైతువారీ పద్ధతిని నిలబెట్టారు. శిస్తు భారం మోయలేనిదని గ్రహించి, 1807లో పావు వంతు తగ్గించాలని పైవారికి వ్రాశారు. అప్పుడు వారు ఒప్పుకోలేదు. 1820లో మద్రాసు గవర్నరయ్యాక తగ్గింపును అమలు చేయించారు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశారు.

ఆయన చదివిన విశ్వవిద్యాలయం బానిసల శ్రమ వల్ల వచ్చిన సొమ్ము తనకూ చేరిందని 2018లో బహిరంగంగా ఒప్పుకుంది. మరుసటి సంవత్సరం వెస్టిండీస్ విశ్వవిద్యాలయంతో కలిసి 2 కోట్ల పౌండ్ల కార్యక్రమం చేపట్టింది.

తండ్రి వ్యాపారానికి కొడుకును దోషిని చేయలేము. రైతుకు ఆయన చేసిన మేలు మేలే. అయితే మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న మనం, ఆయన ఇంటికి అన్నం పెట్టిన ఆ బానిసలను కూడా తలచుకోవాలి. వారి పేర్లు మన పిల్లలెవరికీ పెట్టలేదు.

లింగంపల్లి చుట్టూ లేస్తున్న అంతస్తుల కింద రేకుల పాకల్లో కూలివారి పిల్లలు ఆడుకుంటున్నారు. మన ఇంటి పునాదిలో ఎవరి చెమట ఉందో, వారికి కూలి సరిగ్గా అందిందో లేదో ఈ రోజు రాత్రి భోజనాల దగ్గర పిల్లలతో మాట్లాడదాం.