ఎడ్వర్డ్ యాంగిల్

కొందఱు బాలబాలికల పలువరుసపై సన్నని లోహపు తీగ బిగించి యుండుట మీరు చూచియే యుందురు. ఆ తీగ వెనుక నొక పట్టుదల గల మనుష్యుని జీవితము గలదు.

ఎడ్వర్డ్ హార్ట్లీ యాంగిల్ 1855లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున రైతు కుటుంబములో జన్మించెను. బాల్యమునుండియు నతనికి పనిముట్లపై మక్కువ మెండు. 1878లో దంతవైద్య పట్టమును పొంది వృత్తి నారంభించెను గాని, ఊపిరితిత్తుల వ్యాధి సోకుటచే స్వస్థలమును విడిచి మిన్నెసోటాకు పోవలసి వచ్చెను. పిమ్మట వైద్యము మాని మోంటానాలో గొఱ్ఱెల పెంపకమునకు దిగెను. ఒక శీతకాలమున మంచు విపరీతముగా గురిసి మంద నశించెను. దానితో చేతిలోని ధనమును పోయెను. అతడు మిన్నియాపోలిసు నగరమునకు మరలి వచ్చి విడిచిన వృత్తినే చేపట్టెను. ఆ మంచు కురియకున్నచో నతడు గొఱ్ఱెల కాపరిగనే యుండిపోయెడివాడేమో!

ఆ దినములలో వంకర పండ్లను సరిచేయుట సంపన్నులకే సాధ్యము. ఒక్కొక్క రోగికి ఒక్కొక్క పరికరమును వైద్యుడు బంగారము మొదలగు విలువైన లోహములతో స్వహస్తముతో చేయవలెను. లోహము వెలకు దినముల తరబడి శ్రమకు వెల తోడగుచుండెను. యాంగిల్ ఈ రెంటిని తగ్గించు నుపాయము నాలోచించెను. బంగారమునకు మాఱుగా జర్మన్ సిల్వర్ వాడెను. పేరున వెండి యున్నను అందు వెండి లేదు. అది రాగి, తుత్తునాగము, నికెలు కలిసిన మిశ్రలోహము. పరికరపు భాగములను ఒకే కొలతలతో ముందుగనే తయారుచేయించి, ఏ వైద్యుడైనను కొని అమర్చుకొనునట్లు చేసెను.

1899లో అతడు పై దవుడ, క్రింది దవుడ మొదటి పెద్ద దంతములు కలియు తీరును బట్టి పలువరుస దోషములను మూడు తరగతులుగా విభజించెను. ఆ విభజనను వైద్యులు నేటికిని వాడుచున్నారు. 1900లో సెయింట్ లూయిస్ నగరమున దంతములను సరిచేయు విద్యకే ప్రత్యేకముగా నొక పాఠశాలను నెలకొల్పెను. 1908లో అతడు వివాహమాడిన అన్నా హాప్కిన్స్ తొలుత అతని కార్యదర్శి. ఆమెయు దంతవైద్య విద్య నభ్యసించినది.

యాంగిల్ స్వభావము కఠినము. తన మాటకు ఎదురు చెప్పినచో శిష్యులనైనను సహించెడివాడు కాడు. ప్రకృతి యిచ్చిన దంతములలో నొక్కటియు పెఱుకరాదని అతని సిద్ధాంతము. కాల్విన్ కేస్ అను వైద్యుడు దీనిని ఖండించెను. కొందఱి దవుడలలో అన్ని పండ్లకు చోటు చాలదని అతని వాదము. 1911లో ఈ విషయమై వైద్యసభలో తీవ్రమైన చర్చ జరిగెను. యాంగిల్ మాత్రము లొంగలేదు.

డెబ్బది యేండ్ల ప్రాయమున, 1925లో, అతడు తన చివరి పరికరమును ప్రకటించెను. పంటికి అతికించిన చిన్న బిళ్ళలో దీర్ఘచతురస్రపు గాడి యుండును. అందు నాలుగు పలకల తీగ నిలుచును. గుండ్రని తీగ గాడిలో తిరుగును. పలకల తీగ తిరుగక పంటి వేరును సహితము కోరిన దిక్కునకు మరల్చును. అయితే ఆ తీగ బంగారపు మిశ్రలోహముతో చేయబడెడిది. వెల తగ్గింప బూనినవాని కడపటి సాధనమే వెలగలదైనది!

యాంగిల్ 1930 ఆగస్టులో కాలిఫోర్నియాలో మరణించెను. తరువాత తుప్పు పట్టని ఉక్కు తీగ వచ్చి బంగారమును తొలగించెను. దంతముల విషయమున గూడ మార్పు వచ్చెను. అతని ప్రియశిష్యుడు చార్లెస్ ట్వీడ్ గురువు పద్ధతిలో సరిచేసిన పండ్లు కొందఱిలో మరల వంకరపోవుట గమనించి, అట్టివారికి కొన్ని పండ్లను తీసి, గురువు చేసిన ఆ తీగతోనే మరల చికిత్స చేసెను.