కోటి గారి నాన్న, నా లాప్‌టాప్

ముందే చెప్తున్నా, నాకు తెలుగు చదవడం కొంచెం స్లో. ఇది టైప్ చేయడానికే మూడు రాత్రులు పట్టింది. తప్పులుంటే ఏమనుకోకండి.

పోయిన ఫెస్ట్‌లో నేను చేసిన ఒక ట్రాక్ వినిపించాను. మా నానమ్మ పాడిన బతుకమ్మ పాటను ముక్కలుగా కోసి, కింద సింథ్ పెట్టాను. ఒకరు ఇది అసలు తెలుగు పాటే కాదన్నారు. బాధేసింది. దసరాకి జగిత్యాల పోయినప్పుడు బాపుకి చెప్తే, ఏం మాట్లాడకుండా ఫోన్‌లో 'మల్లీశ్వరి' పాటలు పెట్టిండు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. మనకు తెలిసిన కోటి గారి నాన్న.

ఆయన 1922లో సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. చిన్నప్పుడే గ్రామఫోన్ రికార్డులిచ్చారు. 1935లో 'శ్రీకృష్ణ లీలలు' సినిమాలో కృష్ణుడు ఆయనే. తర్వాత కలకత్తాలో సైగల్, పంకజ్ మల్లిక్ లాంటి వాళ్ల సంగీతాన్ని దగ్గర నుంచి చూసి, మద్రాసు వచ్చారు.

నాకు బాగా నచ్చిన విషయం మైకు. నాటకాల్లో చివరి వరుసకి వినపడాలంటే గొంతెత్తి పాడాల్సిందే. మైకు ముందు ఆ అవసరం లేదు. అది ఆయన చాలా ముందే పట్టుకున్నారు. బాలసరస్వతీదేవితో పాడిన రికార్డుల్లో ఆయన గొంతు మన పక్కన కూర్చొని చెప్తున్నట్టే ఉంటుంది. అప్పటి రికార్డుకి ఒక్కో వైపు పట్టేది దాదాపు మూడు నిమిషాలే. అంత తక్కువ మెమరీలోనే తెలుగు లలిత సంగీతానికి దారి వేశారు.

జెమినీ వాళ్ల 'చంద్రలేఖ' (1948)లో మన రాగాల పక్కనే పాశ్చాత్య వాల్ట్జ్‌లు, పెద్ద పెద్ద డ్రమ్ముల డ్యాన్సు పెట్టారు. 1951లో 'మల్లీశ్వరి', 1955లో 'మిస్సమ్మ'. మెల్లగా తను పాడడం తగ్గించి, వేరేవాళ్లతో పాడించారు. 1999లో చనిపోయారు, అంటే మనం పుట్టకముందే.

ఆయన తర్వాత కొడుకు కోటి, టి.వి. రాజు కొడుకు రాజ్ జంటగా తెలుగు సినిమాల్లో కీబోర్డుల మోత మోగించారు. వాళ్ల దగ్గర కీబోర్డ్ వాయించిన దిలీప్ అనే కుర్రాడే తర్వాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు. అంటే ఒకే ఇంట్లో తండ్రి చేతికి మైకు వస్తే, కొడుకు చేతికి సింథ్ వచ్చింది. ఇద్దరివీ తెలుగు పాటలే కదా!

వెంటనే నా ట్రాక్ నానమ్మకి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించా. మొత్తం విని, బాగానే ఉంది కానీ నా గొంతేది బిడ్డా అన్నది.

నిజమే. సింథ్ కింద ఆమె గొంతు మునిగిపోయింది. ఫెస్ట్‌లో ఆ మాట అన్నవాళ్లు పూర్తిగా తప్పు కాదేమో. ఆ రాత్రే సింథ్ సగానికి తగ్గించా. వచ్చే ఫెస్ట్‌లో మళ్లీ వినిపిస్తా. రండి.