సలీం అలీ జీవితము: మేనమామ చూపిన మార్గము

గత వర్షకాలమున ఒకనాటి ఉదయము మా తరగతి బాలుడొకడు చేతిరుమాలలో నేదియో చుట్టుకొని మాయొద్దకు వచ్చెను. వెంట అతని మేనమామయు నుండెను. ముందటి రాత్రియే వారిరువురు కూర్చుండి, ఉండేలు రబ్బరు సాగదీసి చూచి, నున్నని గులకరాళ్లేరి సంచిలో పోసికొని, జల్‌పల్లి చెరువుగట్టున ఏ తుమ్మచెట్టు చాటున పొంచియుండవలెనో నిర్ణయించుకొనిరట. తెల్లవారక మునుపే పోయిరి. పిల్లవానికి అది మొదటి వేట. గురి తప్పలేదని మేనమామ సంతోషముతో చెప్పెను. రుమాలు విప్పి చూడగా కంచువన్నె రెక్కలును, వింతగ పొడవైన కాలివ్రేళ్లును గల పక్షి యొకటి చచ్చి పడియుండెను. దీని పేరేమి యని బాలుడు మమ్మడిగెను. మేము ఇరువది యేండ్లుగ పాఠములు చెప్పుచున్నవారము. ఆ చెరువుగట్టున ఎన్నోమారులు నడచినవారము. అయినను మాకు దాని పేరు తెలియలేదు. ఏదియో నీటికోడి యని చెప్పి పంపివైచితిమి. ఆ జవాబు ఆ దినమంతయు మా మనస్సును గ్రుచ్చుచునే యుండెను.

విద్యార్థులారా! సరిగా ఇట్టి ప్రశ్నయే నూరేండ్లకు పైగా గడచిన కాలమున బొంబాయి నగరమందు మరియొక బాలుడు తన మేనమామను అడిగియుండెను. ఆ మేనమామకును జవాబు తెలియదు. కాని ఆయన చేసిన పని వేరు. దానివలన ఆ బాలుడు భారతదేశ పక్షిశాస్త్రమునకు పెద్దదిక్కయ్యెను. ఆతడే సలీం అలీ. ఆయన చరిత్రమును మీకు సంగ్రహముగ తెలుపుచున్నాము.

సలీం అలీ 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించెను. ఒక యేడు నిండునప్పటికి తండ్రియు, మూడేండ్ల ప్రాయమున తల్లియు గతించిరి. అన్నలలో, అక్కలలో కడపటివాడైన ఆ శిశువును, తోబుట్టువులతో గూడ, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీయు ఆయన భార్య హమీదా బేగమును చేరదీసి పెంచిరి. వారికి సంతానము లేదు. ఖేత్వాడీ యను పేటలో వారి గృహము. బాలుడు మొదట గిర్గాములోని మిషను బాలికల పాఠశాలలో అక్కలతో గూడ చదివి, పిమ్మట సెయింట్ జేవియర్స్ పాఠశాలలో చేరెను. తీవ్రమైన తలనొప్పిచేత చదువు పలుమారులు ఆగిపోయెను. పొడిగాలి మేలుచేయునని సింధు దేశమునకు బంధువుల యింటికి పంపిరి. 1913లో ఎట్లో ప్రవేశపరీక్ష యందు ఉత్తీర్ణుడయ్యెను. తరగతిలో వెనుకబడినవాడు జీవితమున వెనుకబడి తీరునని తలంచు తలిదండ్రులు ఈ మాటను మరువరాదు.

మేనమామ వేటయందు ఆసక్తి గలవాడు. ఆయన యిచ్చిన చిన్న గాలితుపాకి బాలునికి ప్రాణము. పెద్దవాడై పులులను, కణుజులను వేటాడు గొప్ప వేటకాడు కావలెనని అతని కోరిక. అయితే ఆ చిన్నతనముననే అతనియందు మరియొక గుణము కనబడెను. తొమ్మిది పదేండ్ల ప్రాయమున గోడకన్నములో గూడుకట్టిన పిచ్చుకల జంటలో కావలియున్న మగపిట్టను కొట్టెను. కొంతసేపటికే ఆడుపిట్ట మరియొక మగపిట్టను తెచ్చుకొనెను. దానినిగూడ కొట్టెను. ఇట్లు ఏడు దినములలో ఎనిమిది మగపిట్టలు పడెను. ఎనిమిదిమారులును గూటికి కొత్త కావలివాడు వచ్చెను. బాలుడు దీనినంతయు కాగితముపై వ్రాసియుంచెను. చంపుట క్రూరమే, మేము దానిని మెచ్చుటలేదు. కాని ఎందరో బాలురు పిట్టలను కొట్టుదురు. కొట్టినపిదప ఏమి జరిగెనో నిలిచి చూచి వ్రాయువాడు ఎక్కడనో యొకడు.

1908వ సంవత్సర ప్రాంతమున ఒకనాడు అతడు కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపుపచ్చని మచ్చ కనబడెను. ఊరపిచ్చుకలకు అట్టి మచ్చ యుండదు. దానిని మేనమామకు చూపి ఇది యేమి పక్షియని అడిగెను. అమీరుద్దీన్‌కు తెలియలేదు. ఆయన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునందు సభ్యుడు. 1883లో స్థాపింపబడిన ఆ సంఘమునకు అప్పుడు డబ్ల్యూ. ఎస్. మిల్లార్డ్ అను ఆంగ్లేయుడు గౌరవ కార్యదర్శి. మేనమామ ఒక పరిచయపత్రము వ్రాసి, పిట్టను చేతికిచ్చి, పిల్లవానిని ఆయన యొద్దకు పొమ్మనెను. దొరలతో మాటలాడి యెరుగని ఆ బాలుడు బెదరుచునే పోయెను.

మిల్లార్డ్ పిట్టను చూచి పసుపుగొంతు పిచ్చుకయని చెప్పెను. అంతటితో పంపివేసినను ఎవ్వరును తప్పుపట్టరు. ఆయన అట్లు చేయక, బీరువాల సొరుగులు ఒక్కొక్కటిగ లాగి, దేశమున నలుమూలలనుండి తెచ్చి భద్రపరచిన వందలాది పక్షుల చర్మములను చూపెను, చదువుకొనుటకు పుస్తకములిచ్చెను, పక్షిచర్మము నొలిచి చెడకుండ నిలుపు విద్యను నేర్చుకొను ఏర్పాటును చేసెను. తెలియనివాడు తెలియదని యొప్పుకొని, తెలిసినవాని యొద్దకు పంపెను. తెలిసినవాడు విసుగుకొనక తలుపు తెరచెను. ఈ రెండు చిన్న పనులలో ఒకటి జరుగకున్నను సలీం అలీ జీవితము వేరుదారిని పోయియుండెడిదని మా నమ్మకము.

తరువాతి మార్గము సుగమము కాదు. సోదరుని వ్యాపారములో సాయపడుటకై బర్మాలోని టవాయికి పోయెను; వ్యాపారము నిలువలేదు. అక్కడి అడవులలో పక్షులను చూచుటయే అతనికి మిగిలిన లాభము. 1917లో తిరిగివచ్చి వాణిజ్యశాస్త్రమును, జంతుశాస్త్రమును అభ్యసించెను. 1918లో తెహ్మీనాను వివాహమాడెను. 1926లో బొంబాయి వస్తుప్రదర్శనశాలలో ప్రకృతిచరిత్ర ఉపన్యాసకుడుగ కుదిరి, 1928లో సెలవుపై జర్మనీకిపోయి, బెర్లినునగరమున స్ట్రెసెమాన్ పండితునియొద్ద శిక్షణము పొందెను. 1930లో తిరిగివచ్చునప్పటికి, ధనము లేమిచేత ఆ యుద్యోగమునే తీసివేసియుండిరి. విద్య యున్నది, వేతనము లేదు. దంపతులు సముద్రతీరమున కిహీం అను పల్లెకు చేరిరి. అక్కడ గిజిగాండ్లు గూళ్లు కట్టుచుండెను. దినముల తరబడి వానిని గమనించి, మగపక్షి ఒక గూటి తరువాత ఒక గూడు కట్టుచు వేర్వేరు ఆడుపక్షులను చేర్చుకొను విధమును ఆయన కనుగొనెను. తీరికను దుఃఖించుటకు గాక చూచుటకు వాడుకొన్న మనుష్యుని ఫలమిది.

ఇప్పుడు మన ప్రాంతమునకు సంబంధించిన భాగము వచ్చుచున్నది. దేశములో పెక్కు సంస్థానములందు ఏ యే పక్షులున్నవో క్రమముగ పరిశీలించినవారు లేరు. శిబిరములకును ప్రయాణములకును అగు వ్యయమును పాలకులు భరించినయెడల, తాను వేతనము లేకయే ఆ పని చేయుదునని సలీం అలీ ముందుకు వచ్చెను. మొదట నెరవేరినది హైదరాబాదు రాజ్యపు పరిశీలనము. 1931, 1932 సంవత్సరములలో జరిగెను. తెలంగాణము, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కలిసి ఆ రాజ్యము 82,000 చదరపు మైళ్లకు మించినది. ఆ యాత్రకు తెహ్మీనాయు భర్త వెంట బయలుదేరెను. ఇంగ్లండులో చదివి నగరసుఖములకు అలవాటుపడిన ఆమె, అడవిలో గుడారమే గృహముగ భావించి భర్తకు తోడై నిలిచెను. తన ఆంగ్లరచన చక్కబడుటకును ఆమెయే కారణమని ఆయన చెప్పుకొనెను.

అట్టి యాత్రకు ముందుగ చేయవలసిన ఏర్పాట్లను తలంచి చూడుడు. కణుజును వేటాడబోవువాడు ఆ మృగము ఏ మడుగున నీరు త్రాగునో, గాలి ఎటు వీచునో, పొద్దుగూకిన పిదప ఏ దారిని మేతకు వచ్చునో ముందు తెలిసికొని, ఒక్క గుండుకొరకు సిద్ధపడును. పక్షుల పరిశీలకుడో ప్రతి పక్షికొరకును సిద్ధపడవలెను. చిన్నపిట్ట చితికిపోకుండ సన్నని రవ్వలు కావలెను. చర్మమునకు పురుగు పట్టకుండ పాషాణము పూయవలెను, దూది కూర్చవలెను. ప్రతిదానికి స్థలము, తేదీ, ఆడుదో మగదో తెలుపు చీటి కట్టవలెను. అది ఏమి తినెనో కడుపు కోసి చూచి వ్రాయవలెను. చీటి లేని చర్మము ఎంత అందమైనదైనను శాస్త్రమునకు ఎందుకును కొరగాదు. వేటకాని పని మృగము పడుటతో ముగియును. సలీం అలీ పని పక్షి పడిన పిదప ప్రారంభమగును. ఈ భేదమును మీరు మనస్సున నిలుపుకొనవలెను.

ఆ పరిశీలన ఫలితములు హ్యూ విస్లర్ అను పండితుని సహాయముతో సంఘపు పత్రికలో భాగములుగ వెలువడినవి. తరువాత తిరువాన్కూరు, కొచ్చి, గ్వాలియరు, ఇందూరు, భోపాలు సంస్థానములలోను ఇట్టి పని సాగెను. 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స పిమ్మట తెహ్మీనా మరణించెను. ఆయన మరల వివాహమాడలేదు. 1941లో భారతీయ పక్షులను గూర్చిన ఆయన గ్రంథము ప్రకటింపబడి, వర్ణచిత్రములతో సామాన్యుల చేతికి పక్షిశాస్త్రమును తెచ్చెను. డిల్లన్ రిప్లేతో కలసి వ్రాసిన పదిసంపుటముల మహాగ్రంథము 1968 మొదలు 1974 వరకు వెలువడెను.

తుపాకి పట్టినవాడే తుపాకిని ఆపించెను. భరత్‌పురపు చిత్తడినేల సంస్థానాధిపతుల బాతులవేటకు పేరుపడినది. 1938లో రాజప్రతినిధి లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్కదినమున 4,273 పక్షులను కూల్చిరి. అవి తినుటకును కాదు, తెలిసికొనుటకును కాదు, లెక్కకొరకు మాత్రమే. ఆ స్థలము పక్షులకు అభయస్థానము కావలెనని పాటుపడినవారిలో సలీం అలీ ముఖ్యుడు. శాస్త్రమునకై పక్షులను చంపితినను సంగతిని ఆయన ఎన్నడును దాచలేదు. అవసరమైనంత మాత్రమే, ఫలము వ్రాసియుంచుటకు మాత్రమే యను నియమము ఆయనది.

1958లో పద్మభూషణ, 1976లో పద్మవిభూషణ బిరుదములు లభించినవి. 1985లో రాజ్యసభ సభ్యుడయ్యెను. ఆ యేడే స్వీయచరిత్రము వెలువడెను. దానికి పిచ్చుక పాటును సూచించు పేరు పెట్టెను. ఆ పేరు వినగానే సువార్త చదివినవారికి స్ఫురించు భావమును వేరుగ వివరింపనక్కరలేదు.

తెలుగువారికి ఆనందము గొలుపు సంగతి మరియొకటి కలదు. జెర్డన్ అను వైద్యుని పేర పిలువబడు కలివికోడి 1900 తరువాత ఎవ్వరికిని కనబడక, నశించినదనియే పండితులు తలంచిరి. 1986 జనవరిలో కడపజిల్లా లంకమల పొదలలో బొంబాయి సంఘమువారు దానిని మరల కనుగొనిరి. దారి చూపినది గ్రంథములు గావు. కలివిపొదలలో రాత్రివేళ తిరుగు ఆ పిట్టను పేరుతో నెరిగిన స్థానిక వేటగాండ్రు. ఎనుబది తొమ్మిదేండ్ల వృద్ధుడైన సలీం అలీ ఆ వార్తను వినగలిగెను. తెలిసినవానియొద్దకు పోవలెనను మేనమామ పాఠము అక్కడను ఫలించెను. 1987 జూను 20వ తేదీన ఆయన పరలోకగతుడయ్యెను.

ఇక మా కథకు వత్తము. ఆ సాయంకాలము మేము సలీం అలీ గ్రంథము తెచ్చి పుటలు త్రిప్పితిమి. బాలుడు తెచ్చినది కంచురెక్కల జకానా. తామరాకులపై నడచుటకే దానికి అంత పొడవైన వ్రేళ్లు. మరునాడు ఆ మామను, అల్లుని పిలిచి, మాకు తెలియకయే జవాబు చెప్పితిమని ఒప్పుకొని, గ్రంథమును వారిముందు పెట్టితిమి. ఈ జాతిలో గ్రుడ్లు పొదుగువాడు తండ్రి. వర్షకాలమే వాని గూళ్లకాలము. తాను చంపినది మగదియేనా యని బాలుడడిగెను. ఆడుమగలు వన్నెలో ఒకటిగనే యుండును గనుక చూచి చెప్పుట కష్టమని చెప్పితిమి. బాలుడు మారుమాట లేక నిలుచుండెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపక్షులను చంపుటను నిషేధించుచున్నదనియు మేనమామకు తెలిపితిమి. కాని ఆయన మనస్సును మార్చినది చట్టము కాదు, పిల్లవాని మౌనమే యని మాకు తోచినది.

ఇప్పుడును వారిరువురు శనివారపు ఉదయములందు చెరువుగట్టునకు పోవుచున్నారు. ముందటి రాత్రి సంచి సర్దుకొను అలవాటు మానలేదు. సంచిలో గులకరాళ్లకు బదులు ఒక నోటుపుస్తకమును, పెన్సిలును ఉన్నవి. దానిలో పేరు తెలియని పక్షులకెల్ల ప్రశ్నార్థకము వేసి మాయొద్దకు తెచ్చుచున్నాడు. వానిలో సగమునకు పైగా మాకును తెలియవు. తెలియదని చెప్పి, ముగ్గురమును కూర్చుండి గ్రంథమును వెదకుచున్నాము.