కర్నలు మెకంజీయు కైఫీయతుల సంరక్షణమును

ఆంధ్రదేశమున గ్రామచరిత్రము నెరుగగోరువారెవ్వరైనను తుదకు కైఫీయతుల కడకు రావలసినదే. ఏ అడవిని నరికి ఊరు కట్టిరి, చెరువు నెవరు త్రవ్వించిరి, దేవాలయమునకు మాన్యమెవరిచ్చిరి, కరణీకపు మిరాసి ఏ వంశమునకెట్లు సంక్రమించెను అను సంగతులు రాజుల చరిత్రములలో దొరకవు. కరణముల కవిలెలనుండియు, గ్రామవృద్ధుల నోటనుండియు ఈ వృత్తాంతములను సేకరింపజేసినవాడు కర్నలు కాలిన్ మెకంజీ. మానవశాస్త్రము విశ్వవిద్యాలయములలో స్థానము పొందుటకు చాలకాలము ముందే దానికి వలసిన సామగ్రిని ఆయన మన గ్రామములలో ప్రోగుచేయించెను.

మెకంజీ స్కాట్లండునకు చెందిన లూయిస్ ద్వీపమున స్టోర్నవే పట్టణములో 1754 ప్రాంతమున జన్మించెను. మొదట సుంకపుకొలువు చేసి, 1783లో చెన్నపట్టణమునకు వచ్చి కంపెనీ సైన్యమున ఇంజనీరుగా చేరెను. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిదప, దాదాపు 40,000 చదరపు మైళ్ల మైసూరు దేశమును కొలిచి పటములు గీయించు భారము ఆయనపై పడినది. 1815లో హిందూదేశమునకంతకును మొదటి సర్వేయరు జనరలుగా నియుక్తుడయ్యెను. కొలతగొలుసు పోయిన ప్రతి తావునకును చరిత్రాన్వేషణము కూడ పోవలెననునదియే ఆయన పద్ధతి. ఆ కొలత కంపెనీ రాజ్యమును స్థిరపరచుటకేయని మనము మరువరాదు. అయినను దానివెంట నడచిన చరిత్రసేకరణము మనకు మిగిలిన ధనము.

మెకంజీకి దేశభాషలలో ప్రవేశము మిక్కిలి తక్కువ. ఆ కొరతను తీర్చినవారు ఏలూరికి చెందిన కావలి సోదరులు. వారిలో వేంకట బొఱ్ఱయ్య ప్రాచీన లిపులను చదువుటలో అసాధారణ ప్రజ్ఞ చూపి, 1803లో యౌవనముననే గతించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారము వహించి దేశము నలుమూలలకును పరిశోధకులను పంపుచు వారి పనిని నడిపెను. రామస్వామి 1829లో దక్షిణదేశ కవుల చరిత్రమును ఇంగ్లీషున ప్రకటించెను. జైనపండితుడగు ధర్మయ్య మొదలగువారును ఇందు పాల్గొనిరి. 1816లో థామస్ హిక్కీ చిత్రించిన పటమున మెకంజీతోపాటు ముగ్గురు దేశీయ సహాయకులు కూడ కానవచ్చుట ఎంతయు న్యాయము.

ఈ సేకరణము సులభముగా జరుగలేదు. మాన్యముల లెక్కలడిగిన యెడల పన్ను హెచ్చునేమో, ఇనాము పోవునేమో యని గ్రామస్థులు శంకించిరి. కావున కైఫీయతులలోని ప్రతి మాటయు నిశ్చయచరిత్రము కాదు. తమ హక్కులను నిలుపుకొనదలచినవారి వాదమును వానిలో కలదు. శాసనములతో సరిచూచి గ్రహించినచో వాని విలువ తగ్గదు, పెరుగును. అమరావతి సంగతి వేరు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని కాలమున అచ్చటి స్తూపపు దిబ్బను త్రవ్వి ఇటుకలను, రాళ్లను కట్టడములకు తీసికొనిపోయిరి. మెకంజీ 1816లో మరల వచ్చి శిల్పములను చిత్రింపజేసెను. వానిలో కొన్ని శిల్పములు నేడు లేవు, చిత్తరువులే మిగిలినవి.

1821 మే 8వ తేదీన మెకంజీ కలకత్తా సమీపమున మరణించెను. ఆయన భార్యనుండి కంపెనీవారు సంచయమును కొనిరి. 1828లో విల్సను పండితుడు ప్రకటించిన పట్టిక ననుసరించి అందు గ్రంథములు 1,568, స్థానిక వృత్తాంతములు 2,070, శాసనప్రతులు 8,076, నాణెములు 6,218 కలవు. పిదప ఈ రాశి చీలిపోయెను. కొంత లండనునకు పోగా, దక్షిణభాషల వ్రాతలు 1828లో చెన్నపట్టణమునకు చేరెను. మిగిలిన పనిని సాగింప లక్ష్మయ్య అనుమతి కోరగా, దేశీయుడు ఇట్టి కార్యమునకు నాయకుడు కాజాలడని జేమ్స్ ప్రిన్సెప్ అభిప్రాయమిచ్చెను. పాతిక సంవత్సరములు పనిచేసినవాని చేతినుండి ఆ పని తొలగిపోయి, టెయిలరు మతాచార్యునికి దక్కెను. జ్ఞానమునకు జరిగిన నష్టములలో ఇదియొకటి.

పెట్టెలలోనున్న కాగితములు పురుగుల పాలగుచుండగా సి. పి. బ్రౌను వానికి ప్రతులు వ్రాయించి మనకు దక్కించెను. చెన్నపురి ప్రాచ్య లిఖితగ్రంథాలయమున అవి నిలిచినవి. కడపలో బ్రౌను పేర వెలసిన భాషాపరిశోధన కేంద్రము కడపజిల్లా కైఫీయతులను సంపుటములుగా ప్రకటించినది. నేడు కాగితపు ప్రతికి మారుగా డిజిటలు ప్రతి వచ్చినది. మూలమును తాకకయే వేయిమంది చదువవచ్చును. ఏ పల్లెవాడైనను తన ఊరి కైఫీయతును ఇంటనుండి చూడవచ్చును. కాని ఛాయాచిత్రము తీయుటతో పని ముగియదు. గొలుసుకట్టు వ్రాతను చదువగలవారిని తయారుచేయవలెను. పాత సీమల పేళ్లకు నేటి మండలముల పేళ్లను జోడించి పట్టిక కూర్పవలెను. సేకరించిన తెలుగువారి పేళ్లను దొరపేరి ప్రక్కనే ఎక్కింపవలెను. అంతకంటె ముఖ్యముగా, ప్రతిని ఒకేచోట నుంచరాదు. 2023 అక్టోబరులో లండనులోని బ్రిటిషు గ్రంథాలయముపై సైబరుదాడి జరుగగా, అందలి డిజిటలు లిఖితప్రతులు అనేక మాసములు పాఠకులకు అందలేదు. చెదలు లేనిచోట వేరొక శత్రువు కలడు. మూలమును, దాని నకళ్లను వేరువేరు తావులలో కాపాడుటయే నిజమైన సంరక్షణము.

ఈ కార్యమున ప్రభుత్వమునకే కాదు, భూస్వాములకును పట్టణవాసులకును భాగము కలదు. 1984లో ఆంధ్రప్రదేశమున కరణీకము రద్దయినది. నాటినుండి ఎన్నో ఇండ్ల అటకలపై కవిలెలు, దానపత్రములు, తాటాకులు దిక్కులేక పడియున్నవి. ఇల్లు పడగొట్టునపుడు వానిని చెత్తతో పారవేయవలదు. ప్రతి తీయించి గ్రంథాలయమునకు చేర్చిన యెడల మూలము మీయింటనే ఉండవచ్చును. లక్ష్మయ్యకు దక్కనీయని కార్యము ఆయన దేశస్థుల చేతులలో నేడున్నది. దానిని నెరవేర్చుట మన విధి.