మూడవ సాలార్‌జంగ్

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ల నుండి కోఠి మీదుగా నయాపూల్ దాటి వెళ్ళే వారికి మూసీనది దక్షిణ తీరాన విశాలమైన శ్వేతభవనం కనిపిస్తుంది. అదే సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడ మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా సందర్శకులందరూ ఒక పెద్ద గడియారం ముందు చేరుతారు. అందులోని చిన్న బొమ్మ వెలుపలికి వచ్చి, పన్నెండు గంటలు కొట్టి లోపలికి వెళ్ళిపోతుంది. ఆ వినోదం చూసి తృప్తిపడి మరలిపోయేవారే ఎక్కువ. ఆ వస్తుసంపదను తన ఇంట పోగుచేసిన వ్యక్తిని గురించి తెలుసుకొనేవారు తక్కువ.

ఆయన అసలు పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్. 1889 జూన్ 13న పుణెలో జన్మించాడు. నెల తిరగకముందే తండ్రి రెండవ సాలార్‌జంగ్ మరణించాడు. తాత మొదటి సాలార్‌జంగ్ ముప్పై ఏళ్ళు నిజాం రాజ్యానికి దివానుగా ఉండి, పాలనను సంస్కరించి ఖ్యాతి గడించినవాడు. తండ్రి కూడ దివాను పదవిని నిర్వహించినవాడే. ఊయలలో ఉండగానే ఆ బాలునికి గొప్ప పేరు, విశాలమైన జాగీరు సంక్రమించాయి.

1912లో, ఇరవైమూడేళ్ళ వయస్సులో, ఏడవ నిజాం ఆయనను దివానుగా నియమించాడు. రెండేళ్ళు దాటిన కొద్దికాలానికే, 1914లో, ఆ పదవి నుండి తప్పుకొన్నాడు. తాత ముప్పై ఏళ్ళు నిలిచిన చోట మనుమడు నిలువలేకపోయాడని అనుకోవచ్చు. కాని ఆయన మనస్సు వేరొక చోట ఉన్నది. అప్పటి నుండి మరణించేవరకు కళావస్తువుల సేకరణే ఆయనకు వ్యాసంగమయింది. దేశవిదేశాల వర్తకులు ఆయన నివాసమైన దివాన్ దేవిడీకి వస్తుండేవారు. ఆయన వివాహం చేసుకోలేదు.

మ్యూజియంలోని సమస్తమూ ఈయనే కొన్నాడనుకోవడం మాత్రం పొరపాటు. పలుచని మేలిముసుగు చాటున ముఖం కనిపించేటట్లు ఇటలీ శిల్పి బెంజోనీ చలువరాతిలో మలచిన రెబెకా విగ్రహాన్ని 1876లో రోములో కొన్నది తాతగారు. మనుమడు ఆ వారసత్వాన్ని కాపాడుతూ ఎన్నో రెట్లు పెంచాడు. సుల్తాను ఇల్తుత్‌మిష్ పేరు చెక్కిన జేడ్ రాతి పుస్తకపీఠం, దంతపు కుర్చీలు, చీనా పింగాణి, వేలకొలది అరబ్బీ, పారసీక, ఉర్దూ వ్రాతప్రతులు ఆ సంగ్రహంలో ఉన్నాయి. వాటితోపాటు చేతికర్రలు, ఆటబొమ్మలు కూడ ఉన్నాయి. అన్నీ ఒకే స్థాయివి కావు. పండితుడు ఆచితూచి ఏర్చి కూర్చిన సంగ్రహం కాదిది. కంటికి నచ్చిన దానిని వదులుకోలేని రసికుని ఇల్లు. బహుశః అందువల్లనే సామాన్యులకు అది అంత సన్నిహితమయింది.

1949 మార్చి 2న ఆయన కన్నుమూశాడు. సంతానం లేదు. హైదరాబాదు భారతదేశంలో విలీనమై ఆరు నెలలైనా నిండలేదు. బంధువులలో హక్కుదారులు ఉన్నారు. నలభై వేలకు పైబడిన వస్తువులు వాటాలుగా విడిపోయి చెల్లాచెదురయ్యే ప్రమాదం ఏర్పడింది. అప్పుడు ప్రభుత్వం ఆ ఆస్తి నిర్వహణకు ఒక సంఘాన్ని నియమించింది. వస్తువులను ప్రదర్శనకు అమర్చే పని ఐరిష్ కవి, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌కు అప్పగించబడింది. ఆయన మదనపల్లె కళాశాలలో పనిచేసినవాడు కనుక తెలుగువారికి కొత్తవాడు కాడు. 1951 డిసెంబరు 16న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలోనే మ్యూజియాన్ని ప్రారంభించాడు. ఒక నవాబు అంతఃపురపు గదులలోనికి పురజనులు అడుగుపెట్టిన రోజది.

హక్కుదారులతో 1958లో రాజీ కుదిరి సంగ్రహం భారత ప్రభుత్వానికి సంక్రమించింది. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా ఆ మ్యూజియం జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో వస్తువులన్నీ మూసీ ఒడ్డున నిర్మించిన కొత్త భవనానికి చేరాయి. ఆయన పుట్టి పెరిగిన వంశానికి నిలయమైన దేవిడీ క్రమంగా అంగళ్ళ మధ్య కలిసిపోయింది. దాని ద్వారాలు మాత్రం మ్యూజియానికి సమీపంలోనే, బజారు రద్దీలో నిలిచి ఉన్నాయి.