వైద్యర్షి యల్లాప్రగడ సుబ్బారావు

సూక్ష్మజీవులు రోగములను దెచ్చునని లోకమెరుగును. వానినుండియే రోగమును మాన్పు మార్గములను వెదకిన ఆంధ్రుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను మూడవ పర్యాయమునగాని గట్టెక్కలేదు. స్ప్రూ అను గ్రహణివ్యాధి సోదరులను బలిగొనెను. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే తృప్తిపడవలసివచ్చెను.

1923లో భార్యను స్వదేశమున విడిచి అమెరికాలోని హార్వర్డు చేరిరి. మరల మాతృభూమిని చూచుట ఆయనకు ప్రాప్తింపలేదు. అచట ఫిస్కేతో కలిసి, జీవకణములకు శక్తినొసగు ఏ.టి.పి.ని 1929లో లోకమునకు వెల్లడించిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమునకు తరలిరి.

అర్బుదమునకు సూక్ష్మజీవులను విరుగుడుగా వాడుట అప్పటికే నూతనము కాదు. 1891లో న్యూయార్కు శస్త్రవైద్యుడు విలియం కోలీ రోగికి సూక్ష్మజీవులను ఎక్కించి, పిదప వాని విషములను ప్రయోగించెను. అట్టి పదార్థములు దేహరక్షక కణములను మేల్కొల్పునని తరువాతి శాస్త్రము గ్రహించినది. సుబ్బారావు బృందము నడచిన దారి వేరు. కాలేయమునుండియు, సూక్ష్మజీవుల కిణ్వద్రవమునుండియు ఫోలిక్ ఆమ్లపు జాతి పదార్థములను వేరుచేసి, 1945లో ఆ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించిరి. సోదరులను హరించిన స్ప్రూ వలన కలుగు రక్తహీనతకు అదియే మందాయెను.

కిణ్వద్రవమునుండి లభించిన పదార్థముచే ఎలుకల కణితులు కరగినవని న్యూయార్కు పరిశోధకులు ప్రకటించిరి. ఆశ చిగురించెను. కాని బోస్టనులో సిడ్నీ ఫార్బరు ఆ జాతి మందులను రక్తపు కాన్సరు గల పిల్లల కీయగా రోగము మరింత విజృంభించెను. ఆ వైఫల్యమే దారి చూపినది. పోషించు పదార్థము రోగమును పెంచినచో, దానికి ప్రతికూలమైనది రోగమును అణచవలెను గదా! సుబ్బారావు బృందము అట్టి ప్రతికూల పదార్థమైన అమినోప్టెరినును సమకూర్చెను. 1948లో ఫార్బరు ఫలితములను ప్రకటించెను: 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగా ఉపశమనము కలిగినది. నేలలోని సూక్ష్మజీవినుండి లభించిన ఆరియోమైసిను వెలువడినదియు ఆ సంవత్సరమే.

ఆ ఆగస్టులోనే, 53వ యేట, సుబ్బారావు నిద్రలో కన్నుమూసిరి.

అమినోప్టెరినునకు సోదరప్రాయమైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలోనున్నది. హైదరాబాదు హైటెక్ సిటీ పరిసరములలోని ఆసుపత్రులలో రక్తపు కాన్సరుతో చేరిన పసివానికి ఆ మందెక్కించునపుడు, భీమవరమున పుట్టిన ఆ తెలుగువాని కృషియే ఆ బిడ్డను కాచుచున్నది.