ప్రార్థనకు బదిమందిని గూర్చిన మహనీయుడు

దేవాలయమునకు జనులను రప్పించుట యంత కష్టము కాదు. గద్వాల ప్రాంతమునందలి మల్దకల్లు తిమ్మప్పజాతరకు ఏటేట జనులు తండోపతండములుగా వత్తురు. దినమును పంచాంగము నిర్ణయించును. స్థలమునకు గుడి యున్నది. మంత్రమును అర్చకుడే చెప్పును. ఇవి యేవియు లేక, విగ్రహమును ప్రసాదమును లేక, పదిమంది యొక్కచోట గూర్చుండి యేకేశ్వరుని బ్రార్థింపవలెనన్నచో, దినము మొదలుకొని భాషవఱకు సర్వమును మనుష్యులే యాలోచించి యేర్పఱచుకొనవలసి యుండును. ఆంధ్రదేశమున నిట్టి పనికి బూనుకొన్నవారిలో శ్రీ కందుకూరి వీరేశలింగము పంతులుగారు ముఖ్యులు.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. బాల్యమునందే తండ్రి సుబ్బారాయుడుగారు గతింపగా, తల్లి పూర్ణమ్మగారును తండ్రిగారి సోదరుడును వారిని బెంచిరి. 1874లో 'వివేకవర్ధని' పత్రికను నెలకొల్పిరి. ఆ యేడే ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించిరి. వారి గ్రంథములనుగూర్చి లోకమెఱుగును గావున నిట విస్తరింపను.

కలకత్తాలో రామమోహనరాయలు 1828లో బ్రహ్మసమాజమును స్థాపించిరి. 1864లో కేశవచంద్రసేనుడు చెన్నపట్టణమునకు వచ్చిన పిమ్మట నచట వేదసమాజము పుట్టెను. 1867లో బొంబాయి ప్రార్థనసమాజము వెలసెను. కేశవచంద్రుని రచనలు చదివిన పంతులుగారికి విగ్రహారాధనయందు విశ్వాసము సడలెను. విశ్వాసము సడలుట యొకటి, దానికి మాఱుగా నింకొక యారాధనను నిలువబెట్టుట యొకటి. మొదటిది యింట గూర్చుండి చేయవచ్చును. రెండవదానికి దోడు కావలెను. 1878లో వారు మిత్రులతోను శిష్యులతోను గలసి రాజమహేంద్రవరమున బ్రార్థనసమాజమును స్థాపించిరి.

ఆ తోడు దొరకుట యెట్టిదో నేటివారికి దెలియుట కష్టము. బడిపంతులునకు ధనబలము లేదు, ఆలయము లేదు. వచ్చువారిలో ననేకులు విద్యార్థులు. వారు తలిదండ్రుల యన్నము దినుచు, వారి యాచారమునకు విరుద్ధమైన సభకు రావలసినవారు. అర్చకుడు సంస్కృతమున జెప్పగా వినుట కలవాటుపడినవారికి, తెలుగున దమ హృదయమును దామే దేవునికి విన్నవించుకొనుట వింతగా నుండెననుటలో నాశ్చర్యమేమి? ఊరి పెద్దల పరిహాసము సరేసరి.

పంతులుగారి చరిత్రము వ్రాయువారు వితంతువివాహముల సంఖ్యను లెక్కించి, ప్రార్థనసమాజమును నొక్క పంక్తిలో ముగింతురు. ఇది న్యాయముగా దోపదు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీ రాత్రి మొదటి వితంతువివాహము జరిగినప్పుడు ఊరంతయు గగ్గోలుపడెను. వంటవారు రాలేదు, నీళ్లు మోయువారు రాలేదు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీళ్లు దెచ్చి వంట చేసిరి. విద్యార్థులు కావలియుండిరి. పైడా రామకృష్ణయ్యగారి ధనసహాయ మీ యుద్యమమున కెంతయు నుపకరించినది. కాని ధనము మనుష్యులను నిలువబెట్టజాలదు. కలసికొని ప్రార్థించుట, తర్కించుట యలవడిన యువకులు కొందఱు పంతులుగారి చెంత లేకుండినచో నా రాత్రి వారి గతి యేమై యుండునో!

ఐనను అందఱును నిలువలేదు. వెలివేతకు జడిసి కొందఱు మిత్రులు ప్రాయశ్చిత్తము చేసికొని తొలగిరి. వారిని నిందించుట సులభము. ఇంట గన్యలున్నవారికి, శ్రాద్ధమునకు బ్రాహ్మణులు దొరకనివారికి వెలి యనగా నేమో యెఱిగినవారు తొందరపడి నిందింపరు. పంతులుగారు మాత్రము ప్రాయశ్చిత్తమునకు లొంగక, మిగిలినవారితోనే పని సాగించిరి. 1887లో బసవరాజు గవర్రాజుగారితో గలసి రాజమహేంద్రవరమున బ్రహ్మసమాజమును నెలకొల్పిరి. వారు కట్టించిన బ్రహ్మమందిరము ఆంధ్రదేశమున మొదటిది. గోడలు లేచినవి గనుక, ఎవరి యింట గూడుదుమను చింత యిక లేకపోయెను.

1906లో హితకారిణీసమాజమును స్థాపించి, తమ యాస్తినంతటిని దానికి సమర్పించిరి. ఆ యేడే యజ్ఞోపవీతమును విసర్జించిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. పంతులుగారు 1919వ సంవత్సరము మే 27వ తేదీన చెన్నపట్టణమున దేహము చాలించిరి.